నేరుగా అనే ఒక్క మాట

(ఏడో భాగం)

పోయిన వారం మనం రమేష్‌బాబుని కేథలిక్కుల గుడి వరండాలో, తడిసిన చొక్కాతో, నోటీసు బోర్డు ముందు నిలబెట్టి వచ్చేశాం. మనిషిని వారం రోజులు అలా నిలబెట్టడం న్యాయం కాదని నాకూ తెలుసు. పత్రిక వాళ్లు నాకిచ్చే పేజీలు ఇన్నే అయితే నేనేం చేయను.

కొత్తగా చదివేవాళ్ల కోసం నాలుగు ముక్కలు. రాజాం దగ్గర సంకువలసలో బాప్టిస్టుల గుడి ఒకటి, కేథలిక్కుల గుడి ఒకటి ఎదురుబొదురుగా ఉన్నాయి. రెంటికీ మధ్య ఇరవై అడుగుల రోడ్డు, ఒక టీ కొట్టు, డెబ్భై ఏళ్ల వాదన. నేను ఏ గుడి మనిషినీ కాను. రెండు గుళ్లలోనూ క్రిస్మస్ కేకు తిన్నవాణ్ణి కనక ఎవరి పక్షమూ పట్టనని నమ్మొచ్చు.

రమేష్‌బాబు రాజాం బస్టాండులో కంట్రోలరు, బాప్టిస్టు సంఘంలో పెద్ద. వాళ్ల నాన్న ఎల్లాజీ ఆ సంఘానికి సువార్తికుడు. బైబిలు ఎల్లాజీ అంటే పాలకొండ దాకా తెలుసు. ఆయన పోయి పంతొమ్మిదేళ్లయింది. వచ్చే ఆదివారం సమాధుల పండగనాడు ఆయన సమాధికి నల్లరాయి పెట్టించాలని రమేష్‌బాబు పూనుకున్నాడు. బొబ్బిలి నుంచి ఒకరు, పాలకొండ నుంచి ఒకరు పాస్టర్లు వస్తున్నారు. రాతి మీద చెక్కాల్సిన మాటలు ఇవి: "సువార్తికుడు ఎల్లాజీ. రోము సంఘస్థుల రక్షణ కొరకు ఏటా జూలై పదకొండున ఉపవసించిన దైవజనుడు. పరలోకమునకు చేరెను." రోము సంఘస్థులంటే కేథలిక్కులు.

ఇంతలో మంగళవారం సాయంత్రం వాన వచ్చింది. రమేష్‌బాబు ఏ గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నాడో ఆ గుమ్మంలోనే తలదాచుకున్నాడు. అక్కడ బోర్డు మీద సుద్దముక్కతో ఇలా రాసి ఉంది: "ఈ వారం పూజ తలంపులు. శుక్రవారం, కీర్తిశేషులు ఎల్లాజీ (బాప్టిస్టు) ఆత్మశాంతి కొరకు."

ఫలానా వారి కోసం ఈ పూజ అని ముందుగా పేరు చెప్పుకోవడం కేథలిక్కుల అలవాటు. దాన్ని పూజ తలంపు అంటారు. దేవుడు ఇంకో ఎల్లాజీ అని పొరబడకుండా బ్రాకెట్లో సంఘం పేరు కూడా వేశారు.

అక్కడ ఆగాం. ఇక కదులుదాం.

* * *

రమేష్‌బాబు ఇంటికొచ్చి తల కూడా తుడుచుకోలేదు. అతనికి మైకు ముందు ఒక తెలుగు, కోపం వచ్చినప్పుడు ఇంకో తెలుగు. ఆ సాయంత్రం రెండోదే వచ్చింది.

"శైలూ, మా నాన్న పేరు ఆళ్ల బోర్డు మీదెక్కించీసేరు."

శైలజ టీ వడగడుతోంది. "మంచిదే కదా. ఏటని రాసేరు?"

"ఆత్మశాంతి కోసమట. అంటే ఏటన్నమాట? మా నాన్నకి శాంతి లేదన్నమాట. పరలోకానికెళ్లకుండా మధ్యలో ఆగిపోనాడన్నమాట. అదేదో ఉత్తరించు స్థలమని ఉంది కదా ఆళ్లకి, చచ్చినోళ్లు శుద్ధయ్యీదాకా ఆగీ చోటు. మా నాన్నని తీసుకెళ్లి చిలకపాలెం జంక్షన్లో దించీసేరు."

రాజాం నుంచి శ్రీకాకుళం వెళ్లేవాళ్లకి చిలకపాలెం సంగతి చెప్పక్కర్లేదు. తిన్నగా వెళ్లే బస్సు తప్పిపోతే అక్కడ దిగాలి. హైవే పక్కన దుమ్ము తింటూ, విశాఖపట్నం వైపు నుంచి వచ్చే బస్సు కోసం మెడ చాచుకుని నిలబడాలి. ఆ బస్సు వస్తుంది, కానీ నిండా వస్తుంది. ఇరవై ఎనిమిదేళ్లుగా బస్సుల రాకపోకలు రాసుకుంటున్న రమేష్‌బాబుకి తండ్రి అలాంటి చోట నిలబడి ఉన్నాడన్న ఊహే ఒళ్లు మండించింది.

"ఆగితే ఆగేరు," అంది శైలజ గ్లాసు అందిస్తూ. "మావయ్యగారు దారిలో దొరికినోళ్లందరికీ వాక్యం చెప్పకుండా ఏ రోజు తిన్నగా ఇంటికొచ్చేరు?"

మూల పీట మీద అసిరమ్మ చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తోంది. ఎల్లాజీ భార్య, రమేష్‌బాబు తల్లి. ఎనభై రెండేళ్లు. బాప్తిస్మం ఇచ్చినప్పుడు ఎస్తేరు అని పేరు పెట్టారు గాని, పాస్టరుగారితో సహా ఎవరూ అలా పిలిచిన పాపాన పోలేదు. ఆమె కోడలి మాటకి పెదవి కొనతో నవ్వింది.

రమేష్‌బాబు టీ ముట్టకుండా ఫోను తీశాడు. అవతల రాళ్లు చెక్కే అప్పలసూరి.

"అప్పలసూరీ, రాయి మీద ఒక మాట చేర్చాలి. పరలోకమునకు అన్నదానికి ముందు నేరుగా అని పెట్టు."

"జాగా నేదండి బాబూ. ఏలెడు ఖాళీ ఉన్నాది."

"సన్నంగా చెక్కు."

పైడితల్లమ్మ మొక్కు తప్ప వేరే మతచర్చ ఎరగని మనిషి అప్పలసూరి. "ఒక మాటండి. నాను శానా రాళ్లు సెక్కినాను. అందరూ సొర్గానికే ఎల్లినారు. నేరుగా ఎల్లినారని ఎవురూ రాయించనేదు. మనం రాయించినామనుకోండి, దారిలో ఏటో అయినాదని జనం అనుకోరేటండి?"

"అనుకున్నారు కాబట్టే రాయిస్తన్నాను. రేపు మధ్యాహ్నానికి అయిపోవాలి."

ఫోను పెట్టేశాక రమేష్‌బాబుకి కొంచెం నెమ్మదించింది. కానీ పూర్తిగా కాదు. ఒక సంగతి అతను ఎవరితోనూ అనడు, నేను మీతో అంటాను. తండ్రి ప్రాణం పోయినప్పుడు అతను శ్రీకాకుళం ఆస్పత్రిలో లేడు. రాజాం బస్టాండులో మైకు ముందు ఉన్నాడు. బయల్దేరిన ప్రతి బస్సూ చేరిందో లేదో రాసుకునే మనిషి, తండ్రి చేరిన సంగతి మాత్రం ఇతరులు చెబితే నమ్మాడు. పంతొమ్మిదేళ్లుగా నమ్ముతూనే ఉన్నాడు. ఆ బోర్డు మీది అక్షరాలు సరిగ్గా అక్కడ తగిలాయి.

* * *

బుధవారం అతనికి వారపు సెలవు. పొద్దున్నే గంగులు ఇంటికి వెళ్తే శ్మశానానికి వెళ్లాడని చెప్పారు. ఎనభై ఎనిమిదేళ్ల మనిషి గురించి ఆ మాట వినగానే ఎవరికైనా గుండె గుభేలుమంటుంది. గడ్డి కొయ్యడానికి వెళ్లాడట.

గంగులు కేథలిక్కుల ఉపదేశి. అంటే ఫాదరు లేని ఊళ్లలో జపాలు చెప్పించి, పిల్లలకి పాఠాలు నేర్పే పని. అరవై ఏళ్లు చేశాడు. బోర్డు మీదికి పేర్లు వెళ్లేది కూడా అతని చేతి మీదుగానే.

శ్మశానం వరిచేల మధ్య ఉంది. రెండు సంఘాలకీ ఒకటే. మధ్యలో ఒక గట్టు వేసుకున్నారు. తూర్పు బాప్టిస్టులది, పడమర కేథలిక్కులది. పోయినవాళ్లకి ఈ గట్టు సంగతి తెలుసో లేదో గాని, ఉన్నవాళ్లు మాత్రం తమ గడ్డి తామే కోసుకుంటారు, అవతలి గడ్డి ముట్టరు. అలాంటిది గంగులు గట్టు దాటి, తూర్పు వైపున ఎల్లాజీ సమాధి చుట్టూ తుంగంతా కోసేసి, ఆ సమాధి మీదే కూచుని అలుపు తీర్చుకుంటున్నాడు. రమేష్‌బాబు దారి పొడుగునా మూడు వాక్యాలు వల్లె వేసుకుంటూ వచ్చాడు. ఇది చూసేసరికి మూడూ మర్చిపోయాడు.

"మావా, మా నాన్న మీద కూకున్నావేటి?"

"ఆడి పక్కన ముప్పై ఏళ్లు కూకున్నాను బస్సులో. అలవాటు." గంగులు కొడవలి పక్కన పెట్టాడు. "అయినా నాను కూకున్నది ఆడి మీద కాదు, సిమెంటు మీద. ఆడిక్కడ నేడని మీరే కదా అంతారు."

బాప్టిస్టు సంఘం తరఫున రమేష్‌బాబు చెప్పాల్సిన మాట ముసలాయన ముందే చెప్పేశాడు.

"అదే అడగడానికొచ్చినాను. ఇక్కడ లేడు. మరి ఎక్కడున్నాడు?"

"నాకేటి తెల్సు?"

"తెలీకపోతే బోర్డు మీద ఎలాగ రాసేరు?"

"తెలీదు కాబట్టే రాసినాం."

"మావా, నాతో పరాచికాలొద్దు. పాసయినోళ్ల పేర్లు ఎవరూ అలాగ రాయరు. అది ఫెయిలయినోళ్ల లిస్టు. మా నాన్న పేరు అందులో ఉంది. ఆదివారం ఇద్దరు పాస్టర్లొస్తన్నారు. ఆళ్లు బస్సు దిగేది మీ గుడి ముందే. నేను ఆళ్ల మొహం ఎలాగ చూడాలి?"

గంగులు తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. "బోర్డు నా తప్పు కాదు. ఇన్నాళ్లూ ఫాదరుగారి సెవిలో సెప్పీవోణ్ణి, ఆయన పూజలో తల్సుకునీవోరు, అయిపోయీది. ఈ కుర్ర ఫాదరొచ్చి బోర్డు కొన్నాడు. కొన్నాక రాయకుండా ఉంతాడేటి?"

"ఇన్నాళ్లూ అంటే?"

"మీ నాయన పోయిన కాణ్ణించి. ఇది పందొమ్మిదోది."

రమేష్‌బాబు సమాధి రెండో కొసన తనూ కూచున్నాడు. కూచున్నాక గాని ఎక్కడ కూచున్నాడో గమనించలేదు.

"పందొమ్మిదేళ్ల నుంచీ అక్కడే నిలబడున్నాడా? ఒక్క బస్సూ రాలేదా?"

"ఏ బస్సురా?"

అప్పుడు చిలకపాలెం కథంతా చెప్పాల్సి వచ్చింది. గంగులు శ్రద్ధగా విన్నాడు. విన్నాక నవ్వు ఆపుకోలేక దగ్గాడు. దగ్గు తగ్గాక మెల్లగా అన్నాడు.

"ఒరే బాబూ, నాకు బస్సుల సంగతి తెలీదు. నాకు తెలిసినట్టు సెప్తాను. నిన్ను పెళ్లికి పిలిసినారనుకో. పొలం గట్ల మీంచి నడిసెల్లినావు. మోకాళ్ల దాకా బురద. గుమ్మంలో బిందెడు నీళ్లు పెడతారా, నేదా?"

"పెడతారు."

"కాళ్లు కడుక్కున్నంతసేపూ నువ్వు పెళ్లికొచ్చినట్టా, రానట్టా?"

"వచ్చినట్టే."

"నిన్ను ఎనక్కి పంపీస్తారేటి?"

"పిలిచినాక ఎందుకు పంపుతారు?"

"ఉత్తరించు స్థలమంతే అదేరా. పిలుపు అందినోడే ఆ గుమ్మం కాడికొస్తాడు. అందనోడికి మా పూజా పనికిరాదు, మీ పాటా పనికిరాదు. మాం సేసీదేటంతావా, మావోడొచ్చినాడు, బేగి ఒక సెంబు నీళ్లు పొయ్యండని లోపలికి కేకెయ్యడం. ఆడప్పటికే కాళ్లు కడుక్కొని పంతిలో కూకున్నాడనుకో, ఆ నీళ్లు ఎనకాలొచ్చినోడికి పనికొస్తాయి. ఎక్కడికీ పోవు."

రమేష్‌బాబు చిన్నప్పటి నుంచీ విన్నది వేరు. ఉత్తరించు స్థలం అంటే పరీక్ష తప్పినవాళ్లకి సప్లిమెంటరీ అని, ఫాదరు సంతకం ఉంటే పై క్లాసుకి తోసేస్తారని అతని సండే స్కూలు పాఠం. అది కాదని ముసలాయన ఇంత తేలిగ్గా చెప్పేసరికి, అరవాల్సిన చోట అరవలేక చిరాకు పడ్డాడు.

"మా నాన్న కాళ్లు ప్రభువే కడిగీసినాడు మావా. మళ్లీ కడగడానికి బురదేదీ?"

"అది మీ పద్దతి. నీళ్లలో ముంచి బాప్తిస్మమిచ్చీసినారంటే అయిపోనాది. ఆ తరవాత మనిసి ఏటి సేసినా పరవానేదు కదా మీకు."

"అలాగని ఎవరన్నారు? మేమలాగ అనం. ముంచినాక మరీ జాగర్తగా ఉండాలంటాం."

"అనరేటి?" గంగులు నిజంగానే తెల్లబోయాడు. "బాప్టిస్టులంతే అదేనని అరవై ఏళ్ల నుంచి సిన్నగుంటలకి పాఠం సెప్తన్నాను."

ఇరవై అడుగుల రోడ్డు. అటువాడు ఇటొచ్చి ఒక్కసారి అడిగి ఉంటే తేలిపోయేది. డెబ్భై ఏళ్లలో అటు నుంచి ఇటు పాలగిన్నెలు వచ్చాయి, కూరగిన్నెలు వెళ్లాయి, అడగాల్సిన ప్రశ్న మాత్రం ఎవరూ పట్టుకెళ్లలేదు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే. వాదించుకోవడానికి ఉన్న ఓపిక అడిగి తెలుసుకోవడానికి ఉండదు మనవాళ్లకి.

రమేష్‌బాబు లేచి ప్యాంటు దులుపుకున్నాడు. "ఇవన్నీ నాకొద్దు. శుక్రవారం పూజ ఆపీ. బోర్డు మీద మా నాన్న పేరు తుడిచీ. అంతే."

"అది నా సేతిలో నేదురా. మాటిచ్చీసేను."

"ఎవరికి?"

"మీ నాయనకే."

రమేష్‌బాబు నవ్వాడు. కోపంలో వచ్చే నవ్వు అది. ఈ గంగులూ ఎల్లాజీ రాజాం నుంచి పాలకొండ వెళ్లే పల్లెవెలుగు బస్సులో ముప్పై ఏళ్లు ఒకే సీట్లో కూచుని పోట్లాడుకున్నారని జిల్లా అంతా ఎరుగును. ఒకరి ఒళ్లో కరపత్రాలు, ఇంకొకరి ఒళ్లో జపమాలలు. కండక్టర్లు ఆ సీటు దగ్గరికి టిక్కెట్టు కొట్టడానికి రావాలంటే జంకేవారు. అలాంటి ఎల్లాజీ పూజ చెప్పించమని అడిగాడంటే ఎవరు నమ్ముతారు?

"ఆస్పత్రిలో," అన్నాడు గంగులు. "నాను సూడ్డానికెల్లినాను. మీ సంగం పెద్దలు బయట బెంచీ మీదున్నారు. ఆడు నన్ను దగ్గిరికి పిలిసి సెవిలో సెప్పినాడు. గంగులూ, నువ్వు సెప్పీది అబద్దమైతే నాకు నష్టం నేదు. నిజమైతే మాత్రం నా పేరు మర్సిపోకురా అన్నాడు."

"ఆ రోజు నువ్వు ఏడ్చుకుంటూ బయటికొచ్చినావు," అన్నాడు రమేష్‌బాబు నెమ్మదిగా. "బెంచీ మీదున్నోళ్లందరూ చూసేరు. చావబోతూ కూడా మా నాన్న నీ కళ్లు తెరిపించినాడని మా గుడిలో సాక్ష్యం చెప్పుకున్నాం. ఇప్పటికీ ఏటా చెప్పుకుంటాం."

"తెరిపించినాడు. నేదనను. ముప్పై ఏళ్లు నాతో కొట్లాడినోడు, ఆకర్న నా సెయ్యి పట్టుకొని అడిగినాడు. ఏడుపు రాదేటి?"

గాలికి కోసిన తుంగ వాసన వచ్చింది. తను ఉండాల్సిన చోట ఈ ముసలాయన ఉన్నాడు. తను వినాల్సిన ఆఖరి మాట ఈ ముసలాయన విన్నాడు. రమేష్‌బాబుకి అసూయ కలిగింది. అదీ ఒక కేథలిక్కు ఉపదేశి మీద. అది తనకే సిగ్గనిపించి గొంతు పెంచాడు.

"ఆట పట్టించడానికి అనుంటాడు. నీతో పరాచికం ఆడి ఉంటాడు. మా నాన్న ఇలాంటివి నమ్మీ మనిషి కాడు."

గంగులు చెట్టు కొమ్మకి తగిలించిన గుడ్డసంచీ దగ్గరికి నడిచి, అట్ట చిరిగిన జపాల పుస్తకం తీశాడు. దాన్ని తెరవకుండా రెండు చేతుల్లో పట్టుకుని నిలబడ్డాడు.

"సూపించమని ఆడు సెప్పనేదు. సూపించొద్దనీ సెప్పనేదు. నువ్వు మీ నాయన్ని ఆటగాడంతన్నావు కాబట్టి సూపిస్తన్నాను. నమ్మనోడు ఇరవై రెండేళ్లు ఇది నా సేతిలో ఎందుకు పెట్టినాడో నువ్వే సెప్పు."

పుస్తకంలోంచి ఒక చీటీ తీసి ఇచ్చాడు. నోటుపుస్తకంలోంచి స్కేలు పెట్టి చింపిన కాగితం. మడతల దగ్గర పసుపెక్కింది. ఆ చేతిరాత ఎవరిదో రమేష్‌బాబుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో పెద్ద బైబిలు అంచుల నిండా అదే రాత, కుడివైపుకి వాలుతూ, "ర"కి పెద్ద సున్నా చుడుతూ.

"దుర్గ ఆత్మశాంతి కొరకు. జూలై 11."

అంతే ఉంది.

"ఇలాటివి ఇరవై రెండున్నాయి," అన్నాడు గంగులు. "ఏడాదికొకటి. బస్సు దిగీటప్పుడు నా పుస్తకంలో పెట్టీసి, ఎనక్కి తిరక్కుండా ఎల్లిపోయీవోడు. ఆ రోజొక్కటే మాం దెబ్బలాడుకునీవోళ్లం కాదు."

రమేష్‌బాబు తారీకు మళ్లీ చదివాడు. జూలై పదకొండు. రోము సంఘస్థుల రక్షణ కోసం వాళ్ల నాన్న మంచినీళ్లు కూడా ముట్టకుండా ఉపవాసం ఉండే రోజు. ఆయన పోయాక కూడా ఆ ఉపవాసం ఆగలేదు. సంకువలస బాప్టిస్టు సంఘంలో నలభై కుటుంబాలు ఏటా ఆ రోజున టీ కూడా తాగకుండా కేథలిక్కుల మార్పు కోసం ప్రార్థిస్తాయి. మొన్న జూలైలో శైలజ కళ్లు తిరిగి పడిపోతే మొహాన నీళ్లు చల్లింది ఎదురింటి కేథలిక్కులే. ఆ తారీకు రాతి మీద కూడా ఎక్కింది.

నలభై కుటుంబాలు పంతొమ్మిదేళ్లుగా ఎవరి కోసం పస్తుంటున్నాయి?

"దుర్గ ఎవరు మావా?"

"నానడగనేదు. పూజకి పేరు సాలు. సుట్టరికం అడగం."

* * *

రమేష్‌బాబు ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. అసిరమ్మ వసారాలో పీట వేసుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. ఉదయమంతా కడుపులో పెట్టుకున్నది ఎక్కడ మొదలుపెట్టాలో తెలీక, అతను ముందు పెళ్లి కథ చెప్పాడు. బురద, గుమ్మం, బిందె నీళ్లు.

"కాళ్లు కడుక్కోవడమేటి, మీ నాయనేటి?" అంది అసిరమ్మ చేట కుదుపుతూ. "యాబయ్యేళ్లు కాపరం సేసినాను. ఏ ఒక్కరోజూ సెప్పకుండా కాళ్లు కడుక్కొని ఇంట్లోకి రానేదు. సెంబట్టుకొని నానే ఎంటపడీదాన్ని. గంగులు ఆ బురదకాళ్ల మనిసికి తగ్గ మాటే సెప్పినాడు."

లోపల్నుంచి శైలజ నవ్వు వినిపించింది. రమేష్‌బాబుకీ నవ్వొచ్చింది. పొద్దుట్నుంచి అదే మొదటి నవ్వు. ఆ నవ్వు మొహం మీద ఉండగానే జేబులోంచి చీటీ తీశాడు. అది తీసుకోకుండా వచ్చి ఉంటే బాగుండేదని తరవాత చాలాసార్లు అనుకున్నాడు, ఆ సంగతి మీరు ముందు ముందు చూస్తారు.

"అమ్మా, నాన్న రాత చూడు. దుర్గ ఎవరు?"

చేట కుదుపు ఆగింది.

అసిరమ్మ చీటీ అందుకోలేదు. కళ్లజోడు వెతుక్కోలేదు. ఆ పేరు చెవిన పడ్డాక ఆమెకి ఏదీ చదవాల్సిన పని లేనట్టుంది. చేటలో బియ్యాన్ని అరచేత్తో ఒకవైపుకి తోసింది, మళ్లీ ఇంకోవైపుకి తోసింది. శైలజ గుమ్మంలోకి వచ్చి అత్తగారి మొహం చూసి అక్కడే నిలబడిపోయింది.

"గంగులు కాడున్నాదా ఇది?" అంది చివరికి. "నాకు సెప్పనేదు. ఇన్నేళ్లూ ఆయనొక్కడే మోసినాడు."

"ఏటి మోసేడమ్మా? ఎవరు దుర్గ?"

"ఆ రాయి సెక్కీవోడు మొదలెట్టీసేడేటి?"

రమేష్‌బాబుకి అర్థం కాలేదు. "ఏ రాయి?"

"నువ్వు నిన్న ఒక మాట సేర్చమన్నావు కదా. ఆపమను. ముందు ఆపమను, తరవాత అడుగు."

అతను ఫోను చేశాడు. చాలాసేపు మోగింది. మూడోసారికి అప్పలసూరి ఎత్తాడు. వెనకాల మిషను గర్రుమంటూ ఆగింది.

"సెప్పండి బాబూ. మీరు సన్నంగా సెక్కమన్నారు కదా, శానా కుదురుగా వస్తన్నాది. నే అయిపోనాది. రు మొదలెడతన్నాను."

"ఆపీ."

"ఆపీడమేటండి? రాయి మీద నే ఉండిపోతాది. సుద్దముక్క రాతా, తుడిసీడానికి?"

రమేష్‌బాబు ఫోను చెవి దగ్గరే పెట్టుకుని తల్లి వైపు చూశాడు. "అమ్మా, ఒక అక్షరం అయిపోయిందట. ఆదివారానికి ఇంకో రాయి దొరకదు. ఇప్పుడెందుకు ఆపమంటున్నావు? నాన్న నేరుగా వెళ్లలేదని నువ్వు కూడా అంటావా?"

అసిరమ్మ చేట కింద పెట్టి, పమిట కొంగుతో రెండు కళ్లూ ఒత్తుకుంది.

"ఎల్లీవోడే. మీ నాయనకి ఆ గుమ్మంలో ఎవురూ అడ్డం సెప్పరు. కానీ ఎల్లుండడురా. దారిలో ఎక్కడో ఆ గుంట దుర్గ నిలబడుంతాదని ఆయనకి బెంగ. దాని సెయ్యి పట్టుకోకుండా, ఆయనొక్కడూ లోపలికెల్లీ మనిసి కాడు."

ఫోనులో అప్పలసూరి అడుగుతూనే ఉన్నాడు, రు చెక్కమంటారా వద్దా అని.